గేటత్త తొట్టిలో నురగ

మా మేనత్త పద్నాలుగేళ్లు కోళ్ల ఫారంలో పనిచేసింది. ఆ పద్నాలుగేళ్లలో ఒక్క కోడినీ దగ్గరగా చూడలేదు. చెబితే ఎవరూ నమ్మరు. నాలుగు షెడ్లు, షెడ్డుకు మూడు వేల చొప్పున పన్నెండు వేల కోళ్లు, ఆమె కుర్చీకి రెండు వందల అడుగుల దూరంలో పగలంతా గోల చేస్తూ ఉండేవి. ఆమె మాత్రం గేటు దాటి లోపలికి అడుగు పెట్టేది కాదు. గేటు దగ్గర ఉండే మనిషి షెడ్డులోకి పోకూడదు, షెడ్డులో పనిచేసే మనిషి గేటు దగ్గర బాతాఖానీ వేయకూడదు అన్నది ఆ ఫారం నియమం. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, దాన్ని కళ్లల్లో ఒత్తులేసుకుని కాపాడింది మాత్రం ఆమే.

ఫారంలో అందరూ ఆమెను గేటత్త అనేవారు. నేను గుడ్ల గదిలో పనిచేసేదాన్ని. ట్రేలలో గుడ్లు సర్దడం, పగిలినవి ఏరి పక్కన పెట్టడం నా పని. ఉండేది కూడా ఆమె ఇంట్లోనే. సొంత మేనకోడలిని కదా, నన్ను చూసీ చూడనట్టు వదిలేస్తుందిలే అనుకుని చేరాను. మొదటిరోజే నా చెప్పులు విప్పించింది, కాళ్లు కడిగించింది, ఫారం బూట్లు తొడిగించింది. ఆ తర్వాత రిజిస్టరు తెరిచి, "ఇంట్లో కోళ్లున్నాయా?" అని అడిగింది.

"అత్తా, నీ ఇంట్లోనే కదా ఉంటున్నాను. లేవని నీకు తెలీదా?"

"నాకు తెలుసు. రిజిస్టరుకి తెలీదు. చెప్పు."

"లేవు."

"ఈ రెండు రోజుల్లో ఇంకో ఫారానికి వెళ్లావా?"

"నిన్న సాయంత్రం నీతో కూర్చుని చిక్కుళ్లు వలిచాను."

"వెళ్లలేదు అని రాస్తున్నా," అంది, ఎంతో ఓపిక పడుతున్నట్టు.

ఒకసారి ఓనరు కొత్త తోలు బూట్లు వేసుకుని, పక్కన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "వాళ్లవి విప్పిస్తాలే, నావి ఉండనీ," అన్నాడు. అత్త రబ్బరు బూట్ల జత తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆయన కాళ్లవంక చూస్తూ నిలబడింది. ఆయన విప్పుతాడా, ఆమె కళ్లు తిప్పుతుందా అని మేమంతా కిటికీల్లోంచి చూశాం. ఆయనే విప్పాడు. తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ సంగతి తనే గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంత గట్టి మనిషికి ఒకటే బెంగ. గేటు పక్కన సిమెంటు తొట్టి ఉండేది. అందులో నీళ్లు పోసి, ఓనరు తెప్పించే క్రిముల మందు కొలిచి కలపాలి. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ బూట్లతో సహా అందులో రెండు కాళ్లూ పెట్టి పది లెక్కపెట్టాలి. లారీ చక్రాలకు అదే మందు డబ్బాతో కొట్టాలి. మందుకు వాసన లేదు, రంగు లేదు. కలిపాక చూస్తే మంచినీళ్లే. మంచినీళ్లలో పది లెక్కపెడుతూ నిలబడే ఓపిక ఎవరికుంటుంది? ఒకడు అంచు మీదనుంచి దాటేవాడు, ఒకడు బొటనవేలు తడిపి దండం పెట్టేవాడు, ఒకామె ఏకంగా గంతేసేది. అత్త అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. పన్నెండేళ్లు అలాగే గడిచాయి.

ఆ తొట్టిలోకి సబ్బు పొడి ఎలా వచ్చిందో ఇప్పుడైనా చెప్పాలి. తెచ్చిచ్చింది నేనే. గుడ్ల గదిలో ట్రేలు తోమడానికి ఇచ్చిన డబ్బాలోంచి ఒక గ్లాసు తెమ్మంది, తెచ్చాను. ఆమె దాన్ని తొట్టిలో వేసి కర్రతో కలిపింది. తెల్లగా నురగ పొంగింది. మర్నాడు పొద్దున ఏం జరిగిందో చూడాలి. అంచు దాటేవాడు ఆగాడు, గంతేసే ఆమె ఆగింది. "ఏంటత్తా, మందు మార్చారా?" అని అడిగారు. "ఆ, గట్టి మందు," అంది అత్త. అందరూ నురగలో రెండు కాళ్లూ ముంచి, అడగకుండానే పది లెక్కపెట్టారు. ఒకడైతే పదిహేను లెక్కపెట్టాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అత్త ముఖం కడుక్కుంటూ తనలో తనే నవ్వుకుంది. "మనుషులకు కళ్లకు కనబడాలే," అంది నాతో. ఆ తర్వాత చక్రాలకు కొట్టే డబ్బాలో కూడా పిడికెడు వేయడం మొదలుపెట్టింది. మొత్తం రెండేళ్లు వేసింది. ఆ రెండేళ్లూ ఫారంలో ఒక్క కోడీ తుమ్మలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అత్త తర్వాత దీన్ని పట్టుకునే వేలాడింది.

దాణా లారీ నడిపేవాణ్ణి అందరూ హారన్ అనేవారు. ఫర్లాంగు దూరంనుంచే మోగించుకుంటూ వచ్చేవాడు కాబట్టి. మంచివాడు. అత్తను అక్కా అని పిలిచేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, మామూలుగా అడిగే ప్రశ్నకు నిజమే చెప్పాడు. "నిన్న ఇంకో ఫారంలో దాణా దింపానక్కా. అక్కడ కొన్ని కోళ్లు డల్లుగా ఉన్నాయన్నారు." అత్త పెన్ను ఆగిపోయింది. నియమం ప్రకారం లారీని వెనక్కి పంపాలి. ఓనరుకు ఫోన్ చేసింది. "దాణా గదిలో రేపటికి గింజ లేదు. బాగా మందు కొట్టి లోపలికి రానివ్వు," అన్నాడాయన. అత్త లారీ చుట్టూ మూడుసార్లు తిరిగి చక్రాలు, మెట్లు, తలుపులు అన్నీ నురగతో కప్పేసింది. హారన్‌ని తొట్టిలో నిలబెట్టి పది కాదు, అరవై లెక్కపెట్టించింది. వాడు నవ్వుతూ లెక్కపెట్టాడు.

తొమ్మిదో రోజున రెండో షెడ్డులో గుడ్లు తగ్గాయి. నా చేతికి వచ్చిన గుడ్ల పెంకులు వేలు తగిలితే నొక్కుకుపోయేంత మెత్తగా ఉన్నాయి. మర్నాటికి కోళ్లు మెడలు వంకర తిప్పి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాయని షెడ్డువాళ్లు చెప్పారు. వారంలో మిగిలిన మూడు షెడ్లకూ పాకింది. పశువుల డాక్టరమ్మ వచ్చింది, పరీక్షకు పంపింది, కొక్కెర తెగులు అంది. ఆ తర్వాత గుంతలు, సున్నం, ముసుగులు వేసుకున్న మనుషులు. నేను ఎక్కువ రాయను. అన్నీ అయిపోయాక అత్త తన కుర్చీలో కూర్చుని, "ఏమే, ఏమీ వినబడటం లేదు," అంది.

తెగులు హారనే తెచ్చాడు అన్నారందరూ. రిజిస్టరులో రాసి కూడా ఉంది కదా. వాడి లారీని ఇక్కడికి రానివ్వలేదు, చుట్టుపక్కల ఫారాలవాళ్లూ వద్దన్నారు. నిజం చెప్పినందుకు దొరికిపోయాడు పాపం. అబద్ధం చెప్పి ఉంటే వాడి పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, గుడ్ల గది మనిషి మాట ఎవరు వింటారు?

తర్వాత డాక్టరమ్మ మమ్మల్నందరినీ ఖాళీ దాణా గదిలో కూర్చోబెట్టి క్లాసు చెప్పింది. చివర్లో తొట్టి సంగతికి వచ్చింది. "బూట్లకు రెట్ట అంటుకుని ఉంటే మందు పనిచేయదు. ముందు సబ్బుతో తోమాలి. తర్వాత సబ్బంతా పోయేలా నీళ్లతో కడగాలి. ఆ తర్వాతే మందులో పెట్టాలి. ఈ మందుకీ సబ్బుకీ పడదు. సబ్బు కలిసిందా, మందు చచ్చుపడిపోతుంది."

అత్త చెయ్యెత్తింది. "సబ్బు మంచిదేనా అమ్మా?"

"మంచిదే."

"మందు?"

"అదీ మంచిదే."

"మరి రెండు మంచివి కలిస్తే చెడ్డ ఎట్లా అవుతుంది?"

"మీ ఇంట్లో ఇద్దరు మంచివాళ్లు ఎప్పుడూ పోట్లాడుకోలేదా గేటత్తా?" అంది డాక్టరమ్మ. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. నేను నా బూట్లవంక చూస్తూ కూర్చున్నాను.

ఆ వారమంతా ఇంట్లో అదే లెక్క. గిన్నెలు తోముతూ మొదలుపెట్టేది. "నురగ లేనప్పుడు ఎవడూ సరిగ్గా కాలు పెట్టలేదు. పన్నెండేళ్లు తెగులు రాలేదు. నురగ వచ్చాక అందరూ పెట్టారు. రెండేళ్లు రాలేదు. ఆ తర్వాత వచ్చింది. ఇందులో సబ్బు తప్పెక్కడుందే?"

"నాకేం తెలుసు అత్తా."

"లేదూ, సబ్బు లేకపోతే ఆ రోజు లారీ చక్రాల మీదే చచ్చిపోయేదేమో ఆ తెగులు."

"అయ్యుండచ్చు."

"అయ్యుండచ్చు ఏంటి? అవునో కాదో చెప్పు!" అని గిన్నె నా ముందు విసిరేసినంత పని చేసేది. చేతులు సబ్బు నురగలో ఉన్నాయని చూసుకుని, ఉలిక్కిపడి కడిగేసుకునేది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. పొడి తెచ్చిన చేతులు నావి కదా.

ఇక ఉండబట్టలేక ఓనరు గదికి వెళ్లింది. డాక్టరమ్మ అక్కడే ఏవో కాగితాలు రాస్తోంది. నేను వెనకాలే నిలబడ్డాను. అత్త అంతా చెప్పేసింది. గ్లాసు, పిడికెడు, రెండేళ్లు, అరవై లెక్క. నా ఊసు మాత్రం ఎత్తలేదు. చివరికి, "నావల్లే పోయాయా అమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ పెన్ను పెట్టేసింది. "చెప్పలేను. లారీవల్ల కావచ్చు. సబ్బు లేకున్నా ఆ మందు బురద చక్రాల మీద పనిచేసేది కాదేమో. షెడ్డు జాలీలో చిల్లులున్నాయి, పిచ్చుకలు దూరుతున్నాయి. టీకా సరిగ్గా పడకపోయి ఉండచ్చు. సబ్బువల్ల కూడా కావచ్చు. ఇది ఇక ఎప్పటికీ తేలదు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

అత్త ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. నీదే తప్పు అని తిట్టి ఉంటే ఆమె కొంచెం కుదుటపడేది. ఓనరు మాత్రం లేచి తలుపు మూశాడు. "చూడు గేటత్తా. నువ్వు సబ్బు వేశావు. నేను రానివ్వమన్నాను. వాడు వచ్చాడు. జనానికి తిట్టుకోవడానికి ఒక్కడు చాలు. ఈ మాట ఈ గదిలోనే వదిలెయ్. కొత్త కోళ్లు వస్తాయి, నీ కుర్చీ నీకు ఉంటుంది. బయటికి పొక్కిందో, గేటు దగ్గర సబ్బు కలిపిన మనిషిని నేనెలా ఉంచుకోను?"

ఆ కుర్చీ తప్ప ఆమెకు వేరే బతుకు లేదు. సరే అని తల ఊపి వచ్చేసింది. నాలుగో రోజు, "హారన్ ఇంటికి పోదాం పద," అంది. "వాడికి ఒక్కడికి చెప్తా. వాడు ఎవరికీ చెప్పడు."

హారన్ ఇంటి ముందు లారీని కడుగుతున్నాడు. పనిలేని లారీని రోజూ కడుగుతున్నాడని వాళ్లావిడ చెప్పి కళ్లు తుడుచుకుంది. బకెట్లో మందు, మందు మీద తెల్లటి నురగ. అత్త గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇదేంట్రా?"

"నీ ఫార్ములానే అక్కా! గట్టి మందు. ఈ గుడ్ల గది పిల్ల గ్లాసు తేవడం ఒకసారి చూశాలే." వాడు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నేనొక్కడినే కాదు. నా రూట్లో తొమ్మిది ఫారాలుంటే తొమ్మిది గేట్ల దగ్గరా చెప్పా. గేటత్త ఇట్లా వేస్తుంది, ఆమె ఫారంలో తెగులన్నదే రాదు అని. అందరూ వేస్తున్నారు ఇప్పుడు."

అత్త అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చింది. అత్త ఆ గ్లాసులోకి చూస్తూ చూస్తూ తాగకుండానే కింద పెట్టేసింది. తర్వాత వాడికి విషయం చెప్పింది. వాడు గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. "అయితే నేను కాదా అక్కా?" అన్నాడు మెల్లిగా.

"తెలీదురా."

"నువ్వా?"

"అదీ తెలీదు."

ఇద్దరూ లారీ వంక చూస్తూ కూర్చున్నారు. అది తళతళలాడుతోంది.

వాడు అప్పటికప్పుడు ఆ తొమ్మిది గేట్లవాళ్లకూ ఫోన్లు చేశాడు. ఇద్దరు ఎత్తలేదు. మిగతావాళ్లు, తెగులు మోసుకొచ్చినవాడివి నువ్వా మాకు చెప్పేది అని పెట్టేశారు. అత్త డాక్టరమ్మను అడిగింది. ఆమె అన్ని ఫారాలకూ కాగితం పంపింది. అది ఓనర్ల గదులకు వెళ్లింది. మా గేట్లలో అలాంటివి లేవు అని ఓనర్లు జవాబిచ్చారు. వాళ్లను అని ఏం లాభం? మా ఓనరుకు రెండేళ్లు తెలిసిందా? తొట్టిలో ఏముందో గేటు మనిషికే తెలుసు. గేటు మనిషి ఇంకో గేటు మనిషి మాటే వింటుంది.

"వెళ్లి చెప్పాలి," అంది అత్త. డాక్టరమ్మ ఒప్పుకుంది, కొన్ని షరతుల మీద. మూడు వారాలు ఆగాలి, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, బస్సులో వెళ్లాలి, ఏ గేటూ దాటకూడదు, రోడ్డు మీదనుంచే మాట్లాడాలి. ఆ మూడు వారాలూ అత్త మళ్లీ లెక్కలోనే పడింది. వెళ్లాలా, వద్దా. వెళ్తే ఓనరుకు తెలుస్తుంది. వెళ్లకపోతే తొమ్మిది ఫారాలు. ఒకరోజు వెళ్దామనేది, మరునాడు "మనం చెప్పి అక్కడివాళ్లు మళ్లీ అంచు మీదనుంచి దూకడం మొదలుపెడితే?" అనేది. అదీ నిజమే మరి. నాకు తల తిరిగిపోయేది.

మొదటి గేటు దగ్గర ముసలాయన ఒకడు ఈల మెళ్లో వేసుకుని కూర్చున్నాడు. పక్కన తొట్టి. నురగ మా తొట్టికంటే ఎక్కువే ఉంది.

"ఎక్కడినుంచి వస్తున్నారు?"

అత్త చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి పది అడుగులు వెనక్కి వెళ్లి, ఈల వేశాడు. "అక్కడే ఆగండి! తెగులొచ్చిన ఫారంవాళ్లు ఇటు రాకూడదు!"

"గట్టివాడే," అంది అత్త నాతో, మెచ్చుకుంటూ. తర్వాత రోడ్డు మీదనుంచి గొంతెత్తింది. "తొట్టిలో సబ్బు పొడి వేయకండి! మందు పనిచేయదు!"

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మ!"

"డాక్టర్లకేం తెలుసమ్మా గేటు సంగతి? మాకు వేయమన్నది గేటత్త. పద్నాలుగేళ్లు గేటు కాసిన మనిషి. నేనది వేశాక మావాళ్లు బుద్ధిగా కాళ్లు పెడుతున్నారు. ఆమె వచ్చి వద్దంటే మానేస్తా."

"ఆ గేటత్తను నేనే."

ఆయన ఈల చేత్తో పట్టుకుని అత్తను కిందనుంచి పైదాకా చూశాడు. మెల్లగా తొట్టి దగ్గరికి వచ్చాడు. "మీ కోళ్లు పోయింది దీనివల్లేనా?"

అత్త నోరు తెరిచింది. పిచ్చుకలు, టీకా, బురద, లారీ అన్నీ చెబుతుందనుకున్నాను. నెల రోజులుగా ఇంట్లో చెప్పింది అదే కదా. ఆయన ఒక చెయ్యి తొట్టి కన్నానికి కొట్టిన గూటం మీద ఉంది. దాన్ని లాగితే నీళ్లు పోతాయి. తెలీదు అంటే ఆ చెయ్యి వెనక్కి పోతుందని నాకే అర్థమైంది, ఆమెకు అర్థం కాదా?

"దీనివల్లే," అంది అత్త. "నావల్లే పోయాయి. పన్నెండు వేలు."

ఆయన గూటం లాగేశాడు. నురగ రోడ్డుదాకా వచ్చింది. అత్త దాన్ని తొక్కకుండా పక్కకు జరిగింది. ముందు సబ్బు, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాత మందు, కాళ్లు పెట్టనివాణ్ణి కళ్లలోకి చూస్తూ నిలబడండి అని అక్కడినుంచే రెండుసార్లు అరిచి చెప్పింది.

రెండు రోజుల్లో తొమ్మిది గేట్లు తిరిగాం. ప్రతిచోటా అదే ప్రశ్న అడిగారు, ప్రతిచోటా అదే జవాబు చెప్పింది. మొదట్లో ఆ మాటకు ముందు చెంగు సర్దుకునేది. తర్వాత్తర్వాత ప్రశ్న పూర్తి కాకముందే చెప్పేసేది. ఆరో గేటు దాటి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఓనరు ఫోన్ చేశాడు. అత్త విని, "సరేనండీ," అని పెట్టేసి, "రేపటినుంచి రావద్దన్నాడు," అంది. ఏడవలేదు. ఏడో గేటుకు ఏ బస్సు ఎక్కాలో పక్కవాళ్లను అడిగింది.

చివరి బస్సులో ఇద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. ఇంకా వెలుతురు ఉంది. నాకు అడగక తప్పలేదు.

"అత్తా, నిజంగా నీవల్లేనా?"

"నువ్వే చెప్పు. తొమ్మిదిసార్లు విన్నావుగా."

"తెలీదత్తా."

"నాకూ తెలీదు," అంది. నా చెయ్యి పట్టుకుంది. "కానీ రేపెప్పుడైనా డాక్టరమ్మ వచ్చి, నీవల్ల కాదు గేటత్తా అని చెప్పిందనుకో, నేను నమ్మలేనే."